గాలి కావలసిన సరుకు

మా జహనుమా గల్లీలోకి కొత్తగా అద్దెకు వచ్చినవాళ్లు "మీరేం పని చేసేవారు సార్?" అని అడిగితే, ఎవరి పక్కన ఎవరు ఉండవచ్చో చూసి చెప్పే పని అంటాను. పెళ్లి సంబంధాలు కుదురుస్తాననుకుని పిల్లల ఫోటోలు పట్టుకొచ్చినవాళ్లు ఇద్దరున్నారు. అందులో ఒకరికి మొహమాటానికి ఒక సంబంధం చెప్పాను కూడా. అది నిలవలేదు. రసాయనాల దగ్గర ఉన్న హస్తవాసి నాకు మనుషుల దగ్గర లేదని మా ఆవిడ అప్పుడే తేల్చేసింది.

నేను చూసినవి ఓడల్లో పోయే రసాయనాల సంబంధాలు. కెమికల్ ట్యాంకర్ అనే ఓడ బయటి నుంచి చూస్తే ఒకటే, లోపల ఇరవై ముప్ఫై ట్యాంకులుంటాయి. ఒకదాంట్లో సబ్బులకు పోయే క్షారం, దాని పక్కన పెయింట్లలో కలిపే ద్రావకం, ఇంకాస్త అవతల ఆమ్లం. మధ్యలో ఉండేది ఉక్కు గోడ ఒక్కటే. ఆ గోడకు సూదిమొనంత చిల్లు పడ్డా అటూ ఇటూ ఉన్న రెండూ కలిసి ఓడను తగలబెట్టకూడదు. అందుకని సరుకు ఎక్కించకముందే, ఏ ట్యాంకులో ఏది పోస్తారో గీసిన ప్లాన్‌ను ముందు పెట్టుకుని ఒక పెద్ద చార్టుతో సరిచూడాలి. పడనివాటికి చార్టులో గుర్తు ఉంటుంది. కిందనేమో చిన్న అక్షరాల్లో మినహాయింపులు. వాటి పుణ్యమా అని నలభై దాటగానే నాకు కళ్లద్దాలు వచ్చాయి.

మా బాపు బస్సు డిపోలో ఫిట్టర్. నేను ఓడలకు పోతానంటే "ఏంది, నీళ్లల్ల బస్సు నడుపుతవా?" అని నవ్వాడు. నడిపింది లేదు గానీ ఇరవై రెండేళ్లు ఓడల మీద ఉన్నాను. చివరికి చీఫ్ ఆఫీసర్‌నయ్యాను. ఓడలో సరుకు బాధ్యతంతా ఆ ఉద్యోగానిదే. ట్యాంకుల నిచ్చెనలు ఎక్కీ దిగీ మోకాళ్లు మొరాయించాక ఇంటికొచ్చేశాను. ఓడల్ని నడిపించే బొంబాయి ఆఫీసు ఒకటి నన్ను వదల్లేదు. ప్లాన్లు కంప్యూటర్‌కు పంపుతాం, ఇంట్లోనే కూర్చుని సరిచూసి 'సరే' అనో 'కాదు' అనో రాయండి చాలు అంది. అట్లా ఎనిమిదేళ్లు జహనుమాలో మేడ మీది గదిలో కూర్చుని, ఎక్కడెక్కడి సముద్రాల్లోనో పోయే ఓడలకు సంబంధాలు చూశాను.

సముద్రం లేని ఊళ్లో సముద్రం పని చేయడంలో ఒక మత్తు ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కిటికీ తెర సగం లాగి, ప్లాన్‌ను కాగితం మీద అచ్చు తీసుకుని, రంగు పెన్సిళ్లతో ట్యాంకులు నింపేవాణ్ణి. ఆమ్లాలకు ఎరుపు, క్షారాలకు నీలం, వేడి పెట్టి ఉంచాల్సినవాటికి కాషాయం. ఇప్పటివాళ్లకు కంప్యూటరే రంగులు వేసి చూపిస్తుంది. నాకు మాత్రం చెయ్యి కదిలితే గానీ తల కదిలేది కాదు. కిటికీలోంచి చూస్తే ఇళ్ల మీద నల్లటి నీళ్ల ట్యాంకులు వరసగా, వాటి మీద పావురాలు, ఆ పైన ఫలక్‌నుమా గుట్ట. ఫ్యాను చప్పుడు దూరంగా నడుస్తున్న ఇంజనులా వినిపించేది. కాసేపటికి గల్లీ మొత్తం నెమ్మదిగా కదులుతున్నట్టూ, ఆ నల్ల ట్యాంకుల్లో ఏది పోయాలో కూడా నేనే చెప్పాలన్నట్టూ అనిపించేది. మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చి "దిగిన్రా, ఇంక ఓడలనే ఉన్నరా?" అన్నాక గానీ నాకు మెలకువ వచ్చేది కాదు.

ఓడలెక్కబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఓడ ఎక్కకపోయినా ఎవరో ఒక పెద్దమనిషి కింద పనిచేయబోయేవాళ్లు కూడా చదవొచ్చు. గొప్పలు చెప్పుకోవడానికి నా దగ్గర వేరే సంగతులున్నాయి, వాటిని ఎవరూ అడగకుండానే చెప్తుంటాను. ఇది మాత్రం నేను చేసిన తప్పు.

ఆ తప్పు జరిగిన ఓడ చీఫ్ ఆఫీసర్‌తో నాకు మొదటిసారి మాట కలిసింది ఒక మధ్యాహ్నం. అతను ఎక్కడో దక్షిణ అమెరికా తీరంలో ఉన్నాడు, నేను ఇక్కడ. ఇద్దరం ఆఫీసు ఇంగ్లీషులో ట్యాంకుల గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంతలో మా కిటికీ కింద పాత సామాన్లు కొనేవాడు బండి ఆపి గొంతెత్తాడు. ఫోన్‌లో అతను టక్కున ఆగిపోయాడు.

"సార్, మీరు యాడ నుంచి మాట్లాడుతున్నరు?" అన్నాడు, తెలుగులో.

"జహనుమా."

అటు నుంచి నవ్వు వినిపించింది. "అల్లా! మాది మీ పక్కకే, బార్కస్ సార్. గిట్లనే ఒర్రేటోడు మా గల్లీలకు కూడ వస్తడు. నేను ఇంటికి పోక ఏడు నెలలైంది."

ఆ రోజు ట్యాంకుల సంగతి పక్కకు పోయింది. బార్కస్‌లో ఏ మూల ఇల్లు, ఇప్పుడు జామకాయల బండ్లు ఎక్కడ నిలబెడుతున్నారు, మా దగ్గర నీళ్లు ఎన్ని రోజులకొకసారి వదులుతున్నారు, ఇవీ కబుర్లు. అతనికి ముప్ఫై నాలుగేళ్లు. తాతల కాలంలోనే అరబ్బు దేశం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి లేడు, తల్లి ఉంది. సెలవుకు వచ్చినప్పుడు తల్లిని మా ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటినుంచి అతను సముద్రం మీద ఉన్నా ఆమె మా ఇంటికి వచ్చిపోతూనే ఉండేది. ఆమె నన్ను భాయ్ అనేది, మా ఆవిడా నేనూ ఆమెను ఆపా, అంటే అక్కా, అనేవాళ్లం.

అతను మహా జాగ్రత్త మనిషి. ప్రతి ప్లాన్‌కూ నాలుగైదు ప్రశ్నలు వేసేవాడు. "సార్, ఇది గిట్ల పెట్టచ్చునా?" "సార్, దీని పక్కకు గది నడుస్తదా?" నాకు ప్రశ్నలంటే చాలా ఇష్టం, జవాబు ముందే తెలిసినవైతే మరీనూ. కుర్చీలో వెనక్కి వాలి, ఫలానా ఏడాది ఫలానా రేవులో నేనేం చేశానో కలిపి పావుగంట చెప్పేవాణ్ణి. అతను "జీ సార్, జీ సార్" అని వినేవాడు. ముప్ఫై ఏళ్లలో నా చేతిలో ఒక్క సరుకూ చెడలేదన్న మాట అతనికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఇక ఆ ప్లాన్ సంగతి. ఓడ గల్ఫ్‌లోని ఒక రేవులో సరుకు ఎక్కించుకుని తూర్పు దేశాలకు పోవాలి. మధ్య వరుసలోని మూడు, నాలుగు, అయిదు నంబరు ట్యాంకుల్లో తేమ తగిలితే చెడిపోయే సరుకు ఒకటి పోయాలనుకున్నారు. దానికి గాలి తగలకుండా పైన నైట్రోజన్ నింపమని సరుకు సొంతదార్లు చెప్పారు. మా వృత్తిలో నైట్రోజన్‌కు మంచి పేరు. ఎవరి జోలికీ పోదు, దేనితోనూ గొడవ పడదు, నిప్పును దగ్గరికి రానివ్వదు. నింపితే నష్టం ఉంటుందని ఎవరి మనసుకూ తట్టదు. తీరా ఎక్కించే రోజున రేవులో ఆలస్యమై, వాటిలో మధ్యనున్న నాలుగో ట్యాంకులో దాని బదులు ఎక్రిలేట్ పోయాలన్నారు. అది రంగుల్లో, జిగురుల్లో వాడే ఘాటైన వాసన ద్రవం. మార్చిన ప్లాన్ నాకు పంపారు. నాలుగో గడిలో రంగు మార్చి, అటు మూడుతో, ఇటు అయిదుతో చార్టులో చూశాను. ఎక్కడా గుర్తు లేదు. 'సరే' అని రాసి పంపించేశాను. పక్కల చూశాను గానీ దాని నెత్తిన ఏం నింపుతారో చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా ఆవిడతో లాడ్ బజార్‌లో ఉన్నాను. మా మరదలి కూతురి పెళ్లికి గాజులు. దుకాణం నిండా అద్దాలు, రాళ్లు, దీపాలు. నాకు అలాంటి చోట నిలబడితే కళ్లు తెరిచే నిద్రపోయినట్టు ఉంటుంది. ఎరుపు, పచ్చ, ఊదా గాజుల వరసలు ఒకదాని మీద ఒకటి కదులుతున్నట్టే ఉన్నాయి. మా ఆవిడ రెండు జతలు పట్టుకుని ఏది బాగుందని అడుగుతుంటే ఫోను మోగింది.

"సార్, సరుకు ఎక్కింది. గా వరుస మొత్తానికి నైట్రోజన్ అని ప్లాన్‌ల ఉన్నది. నాలుగుకు కూడనా సార్?"

ఒక్క ముక్క తప్పిపోకుండా వినిపించింది. బజారు గోల అని నేను చెప్పుకోవడానికి లేదు.

"అన్నిటికీ పెట్టు," అన్నాను.

"అన్నిటికా సార్?"

"అన్నిటికీ. నైట్రోజన్ ఎవరినేమంటది?"

"జీ సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని ఊదా గాజులే బాగున్నాయన్నాను. మా ఆవిడ పచ్చవి కొన్నది.

ఆ చిన్న మాటలో ఏముందో మీకు చెప్పాలి. ఎక్రిలేట్‌కు తనంతట తనే తోడుకునే గుణం ఉంది. పాలు తోడుకుంటే పెరుగవుతుంది, అక్కడితో సరి. ఇది తోడుకుంటే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తోడుకుంటుంది. ఒకసారి అందుకుందంటే ట్యాంకు పైకప్పు లేచిపోయేదాకా ఆగదు. అందుకని అందులో ముందే చిటికెడు మందు కలిపి పంపుతారు. ఆ మందు దాన్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. అయితే మందు పనిచేయాలంటే ట్యాంకులో కాస్త గాలి ఉండాలి. గాలి పూర్తిగా తీసేసి నైట్రోజన్ నింపితే మందు మెల్లమెల్లగా చచ్చుబడిపోతుంది. ఆ సంగతి సరుకుతో వచ్చిన సర్టిఫికెట్‌లో ఒక వాక్యంగా ఉంటుంది. ఓడల మీద ఉన్నప్పుడు నేను అలాంటి సరుకు నాలుగైదుసార్లు తీసుకెళ్లాను. ఆ వాక్యం నాకు తెలియనిది కాదు. ఆ వేళ గుర్తుకు రాలేదు, అంతే.

తర్వాతి రోజులు హాయిగా గడిచాయి. ఓడ ఎండలో తూర్పుకు పోతోంది. రోజూ పొద్దున ట్యాంకుల ఉష్ణోగ్రతలు నా ఫోనుకు పంపేవాడు. నేను చాయ్ తాగుతూ మేడ మీద నిలబడి అవి చూసేవాణ్ణి. పావురాలు లేచేవి, గాలిపటం ఏదన్నా తెగి వచ్చేది. సముద్రం ఇక్కడే ఎక్కడో గల్లీ చివర ఉందన్నంత నెమ్మదిగా ఉండేది మనసు. ఏడో రోజున నాలుగో ట్యాంకు ఒక డిగ్రీ ఎక్కువ చూపించింది. ఎండలే అనుకున్నాను. ఎనిమిదో రోజు ఇంకొంచెం. తొమ్మిదో రోజు పొద్దున మూడూ అయిదూ ఉన్నచోటే ఉన్నాయి, వాటి మధ్యనున్న నాలుగు మాత్రం మళ్లీ పెరిగింది. ఎండ ఒక్క ట్యాంకు మీదే కాయదు కదా అని నా లోపల ఎవరో అన్నారు. అప్పుడు ఆ వాక్యం గుర్తొచ్చింది. చాయ్ గ్లాసు పిట్టగోడ మీద పెట్టాననుకున్నాను, అది కింద గల్లీలో పడింది.

ఫోన్ చేస్తే వెంటనే ఎత్తాడు.

"నాలుగుల నైట్రోజన్ ఆపెయ్యి. ఇప్పుడే. గాలి పెట్టాలె దానికి."

"ఆపిన సార్. పొద్దుగాల్నే ఆపిన. కెప్టెన్ సాబ్‌కు చెప్పిన. మీకు ఫోన్ చేద్దామనే ఉన్న."

గొంతు మామూలుగానే ఉంది. ఇద్దరం కలిసి ఏం చేయాలో అనుకున్నాం. లోపలికి గాలి పంపాలి. అది వేడెక్కిన సరుకు, పైన గాలి చేరితే నిప్పు భయం. గాలి పెట్టకపోతే సరుకు లేచే భయం. నిప్పురవ్వ పుట్టే పని ఏదీ ఓడ మీద జరగకూడదు. పంపు వేసి అడుగున ఉన్నది పైకి, పైనున్నది కిందికి తిప్పుతూ ఉండాలి. ఓడలో అత్యవసరానికని దాచిన మందు డబ్బాలు రెండున్నాయి, వాటిని కలపాలి. కెప్టెన్ అప్పటికే దగ్గరి రేవు వైపు ఓడను తిప్పాడట. గంటగంటకూ ఉష్ణోగ్రత పంపుతానన్నాడు. ఓడ మీద ఇరవై ముగ్గురున్నారు. ట్యాంకు మూత దగ్గర నిలబడి మందు కలపాల్సింది అతనే.

ఆ రోజు నేను రెండు చోట్ల ఉన్నాను. ఒళ్లు జహనుమాలో, మిగతాదంతా ఆ ఎర్రటి డెక్ మీద. నా కాళ్లకు అక్కడి ఇనుము వేడి తెలుస్తోంది, ఆ ఘాటు వాసన కూడా వస్తోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. చూస్తే ఆపా. చేతిలో స్టీలు టిఫిన్, అందులో గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించిన వేడివేడి హరీస్. అన్నేళ్లలో ఆమె రాక నాకు బరువనిపించింది ఆ ఒక్కరోజే.

కూర్చుంది. మా ఆవిడా ఆమె మాట్లాడుకుంటున్నారు. నేను ఫోను చేతిలో పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. ముప్ఫై అయిదున్నర అని వచ్చింది. తర్వాతి గంటకు ముప్ఫై ఆరు.

"ఎవరు భాయ్, మస్తు మెసేజ్‌లొస్తున్నయ్?"

"ఆఫీసు ఆపా."

ఆ అంకెలు పంపుతున్నది ఆమె కొడుకే.

"మావోనితోని మాట్లాడిన్రా? రెండు రోజులాయె, ఫోనే లేదు."

"పొద్దున్నే మాట్లాడిన ఆపా. మంచిగున్నడు. పని ఉన్నది జర."

"పనుంటే ఫికర్ లేదు," అంది. ఆమెకు నా మాట మీద అంత నమ్మకం. నేను భాయ్‌ని, పైగా అతని పైవాణ్ణి, మంచిగున్నాడన్నానంటే మంచిగున్నట్టే. తర్వాత అతని కోసం మేడ మీద వేయిస్తున్న గది గురించి చెప్పింది. గోడలకు ఆకుపచ్చ వేయించాలా, లేత నీలమా, మీరు చెప్పండి భాయ్ అని అడిగింది. ఆ రంగుల్లో కలిపేదే నాలుగో ట్యాంకులో ఉంది. నీలం అన్నాను. మా ఆవిడ నా ముఖంలోకి చూసి, ఏమీ అడక్కుండా ఆపాను వంటింట్లోకి తీసుకుపోయింది.

మళ్లీ ముప్ఫై ఆరు. ఆ తర్వాతి గంటకూ ముప్ఫై ఆరే. ఆ తర్వాత ఒక గంట ఏమీ రాలేదు. దేవుడి పటం ముందుకు పోయి నిలబడ్డాను గానీ ఏం అడగాలో తోచలేదు, నేను అడగాల్సినవాడు దేవుడు కాదు. సాయంత్రపు అసర్ నమాజుకు పిలుపు వినిపిస్తుండగా ఫోను మోగింది. ముప్ఫై అయిదున్నర. కింద ఒక మాట రాశాడు. 'పడుకుంటున్నది సార్.' ఆపా అప్పటికే వెళ్లిపోయింది. నేను ఆ హరీస్ ముందు కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ ఉప్పు సరిపోలేదా అని అడిగింది.

మనుషులకు ఏమీ కాలేదు. సరుకు మాత్రం పరీక్షల్లో తేడా వచ్చింది, కొన్నవాళ్లు మాకొద్దన్నారు. ఇక విచారణ. బొంబాయి ఆఫీసు పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. మంచివాడే, నాకంటే పదేళ్లు చిన్న. "మీ మెయిల్ చూశాను. పక్క ట్యాంకులతో పడుతుందని రాశారు, అది సరైనదే. నైట్రోజన్ గురించి మిమ్మల్ని ఎవరైనా అడిగారా? అడగలేదని చీఫ్ ఆఫీసర్ రాసిచ్చాడు. ప్లాన్‌లో ఉన్నట్టు తనే చేశానన్నాడు."

అతని కెప్టెన్ ప్రమోషన్ ఆ నెలలోనో పై నెలలోనో రావాల్సి ఉంది. అతను రాసిచ్చిన ఆ ఒక్క ముక్కతో అది పోతుంది. నాకు పోయేదేమీ లేదు. అరవై దాటినవాణ్ణి, ఎప్పుడో ఒకప్పుడు మానేసేదే. అయినా నేను ఫోన్‌లో "ఊ" అన్నాను. ముప్ఫై ఏళ్లలో ఒక్క సరుకూ చెడలేదన్న మాట ఒకటి ఉంది కదా, అది నా నోటికి అడ్డం పడింది. పిల్లలూ, నేను చేసిన తప్పుల్లో అసలైనది ఇదే. గాజుల దుకాణంలో అన్నది మరుపు. ఇది తెలిసి చేసింది.

మూడు రోజులు అట్లాగే ఉన్నాను. పెన్సిళ్లు చెక్కుతూ కూర్చున్నాను, ఒక్క ప్లాన్ కూడా తెరవలేదు. మూడోనాడు మా ఆవిడ నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"గాజుల దుకాణంల ఫోన్‌ల 'అన్నిటికీ పెట్టు' అన్నరు. గీ లొల్లి దానిదేనా?"

నేను చేతిలో ఉన్న పెన్సిల్ చెక్కుతూనే ఉన్నాను.

"రెండు మాట్ల అన్నరు. నేను పక్కకే ఉన్న. ఆపా మల్ల వస్తది టిఫిన్ తీస్కపోనీకి. ఏ మొఖంతోని ఇస్తరు?"

"వాడే నన్ను అడగలేదని రాసిచ్చిండు."

"ఆయన రాసిచ్చిండు సరే. మీ చేతికేమన్న అయిందా?"

నా చేతికేమీ కాలేదు. అప్పుడే రాశాను. చీఫ్ ఆఫీసర్ నన్ను ఫోన్‌లో అడిగాడనీ, అన్నిటికీ నైట్రోజన్ పెట్టమని రెండుసార్లు చెప్పింది నేనేననీ. పంపిన పది నిమిషాలకు పెద్దాయన ఫోన్. "అయ్యా, ఒక్క తప్పుకు ఇద్దరు పోటీ పడితే నేను ఫైలు ఎట్లా మూయాలి? అతను మీరు కాదంటాడు, మీరు అతను కాదంటారు. మీది వెనక్కి తీసుకోండి, ఎవరికీ తెలియదు." నాది పైన పెట్టండి, వయసులో పెద్దవాణ్ణి అన్నాను. ఆయన నవ్వలేదు. పై నెల నుంచి నాకు ప్లాన్లు రావడం ఆగిపోయింది. అతను ఒక హెచ్చరికతో బయటపడ్డాడు. ప్రమోషన్ కొన్నాళ్లు ఆగిందట, పోలేదు.

మూడు నెలలకు సెలవు మీద వచ్చాడు. నన్ను ఇంటికి పిలిచాడు. బార్కస్‌లో వాళ్ల ముందు గదిలో కూర్చున్నాం. కాస్త నల్లబడ్డాడు, అంతకంటే మార్పేమీ లేదు. ఆపా చాయ్ ఇచ్చి వంటింట్లోకి పోయింది. అతను ఓడ సంగతులు చెప్తున్నాడు, ఆ రోజు సంగతి తప్ప అన్నీ. చివరికి నేనే కదిపాను.

"ఒకటి చెప్పు. ఆ పొద్దున నేను ఫోన్ చేయకముందే నైట్రోజన్ ఎట్ల ఆపినవ్?"

చాయ్ గ్లాసు వైపు చూశాడు. "వేడి పెరుగుతుంటే తెలిసింది సార్. దానికి గాలి కావాలె కద."

"గాలి కావాలని ఎప్పుడు తెలుసు నీకు?"

గ్లాసును చేతిలో ఒకసారి తిప్పాడు.

"సరుకు ఎక్కిన రోజే సార్. సర్టిఫికెట్ చదివిన. అండ్ల రాసుండె."

"అంటే నాకు ఫోన్ చేసినప్పుడు నీ చేతుల కాయితం ఉన్నది."

"జీ సార్."

"మరి నాకు చెప్పలేదేంది?"

"అడిగిన కద సార్," అన్నాడు మెల్లగా. "రెండుసార్లు అడిగిన."

మా గల్లీల్లో పెద్దవాళ్లకు తప్పు అని ఎవరూ చెప్పరు. నేనూ మా బాపుకు చెప్పలేదు, నా మొదటి కెప్టెన్‌కూ చెప్పలేదు. 'గిట్లనేనా?' అని అడుగుతాం. తెలివైన పెద్దవాడైతే ఆగుతాడు, మళ్లీ చూసుకుంటాడు. నేను అదే గాలి పీల్చి పెరిగినవాణ్ణి. నాలుగుకు కూడనా అని అడిగితే అందులో ఏముందో నాకు తెలియాలి. ఏళ్ల తరబడి అతను అడిగిన ప్రశ్నల్లో ఎన్ని ఇలాంటివో, వాటికి నేను కుర్చీలో వెనక్కి వాలి ఎన్ని పావుగంటలు ఉపన్యాసాలిచ్చానో ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"మీరు చెప్పినంక కాయితం తప్పేమో అనుకున్న సార్," అన్నాడు. "ముప్ఫై ఏండ్లు."

"మాఫ్ చెయ్యి బేటా," అన్నాను.

"అయ్యో, గట్లనకున్రి సార్. నాది కూడ..."

"ఆగు. నాకు ఒక్క పని చెయ్యి. అడగకు. చెప్పు. ఆ రోజు ఏం చెప్పాల్నో గది ఇప్పుడు చెప్పు."

అతను గ్లాసు కింద పెట్టాడు. నా వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, మళ్లీ నా వైపు చూశాడు. తుఫానులో ఓడను తిప్పే మనిషి, వేడెక్కిన ట్యాంకు మూత దగ్గర నిలబడి మందు కలిపిన మనిషి, ఆ మాట కోసం అంతసేపు తడుముకున్నాడు. ముఖం కందగడ్డ అయింది.

"మీరు చెప్పేది తప్పు సార్," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

వంటింట్లోంచి ఆపా గరిటెతోనే బయటికొచ్చింది. "అరె! పెద్దోళ్లతోని గట్లనా మాట్లాడేది? తమీజ్ నై క్యా? భాయ్‌కు మాఫీ అడుగు!"

అతను లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు. నేను చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

"వద్దు ఆపా," అన్నాను. "ఇంకోసారి అనమను. మంచిగ వినాలె నేను."